బిళ్ళగన్నేరులో తెలుపు, తెలుపు కలిస్తే గులాబీ: డాబా మీద ప్రాజెక్టు డైరీ

పూవు రంగు అనే ఒక్క లక్షణాన్ని రెండు జన్యువులు కలిసి ఎలా తేలుస్తాయో ఇంటి దగ్గరే లెక్కపెట్టి చూడాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. ఎండ తగిలే డాబా, నాలుగు బిళ్ళగన్నేరు మొక్కలు, రెండేళ్ల ఓపిక ఉంటే చాలు. ఎక్కడ పని పాడైందో, దానికి ఏం మార్చానో ఎక్కువగా రాశాను. సాఫీగా జరిగిన పనులను ఒక్క ముక్కలో దాటేశాను.

మెండెల్ తన జన్యు ప్రయోగాలకు వాడిన బఠాణీ ఎందుకు కాదని చాలామంది అడిగారు. విశాఖ ఉక్కపోతకు బఠాణీ నిలవదు. బిళ్ళగన్నేరు ఏడాది పొడవునా పూస్తుంది, బీచ్ రోడ్డు గోడ పగుళ్లలో కూడా బతుకుతుంది, విత్తిన మూడు నెలల్లోపే పూవు చూపిస్తుంది. పైగా మన వీధుల్లో పెరిగే పాత రకాల్లో రంగుల తేడా కళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ డైరీలో మూడే రంగులు:

గులాబీ: రేకులన్నీ గులాబీ, నడుమ ఇంకాస్త ముదురు.
బొట్టు తెలుపు: తెల్ల రేకులు, గొంతు చుట్టూ ఎర్ర బొట్టు.
సాదా తెలుపు: తెల్ల రేకులు, గొంతు దగ్గర లేత పసుపు. ఎరుపు చుక్కంత కూడా ఉండదు.

నర్సరీలో దొరికే ముదురు ఎరుపు, వంగపండు రంగు, నారింజ ఛాయ హైబ్రిడ్‌ల జోలికి వెళ్లొద్దు. వాటిలో రంగు మీద పనిచేసే జన్యువులు ఇంకా చాలా కలిసి ఉంటాయి. లెక్క మొదటి తరంలోనే చిక్కుపడుతుంది.

మరో జాగ్రత్త. ఈ మొక్క నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారు. అంటే ఆకూ కాడా విషమే. పిల్లలకు, మేకలకు అందకుండా పెట్టాలి. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

దశ 1: తల్లిమొక్కలు (2023 జూలై - నవంబరు)

నాలుగు మొక్కలు తెచ్చుకున్నాను. పెదవాల్తేరులో మా సందు ప్రహరీ పక్క నుంచి బొట్టు తెలుపు (దీనికి బి-1 అని పేరు). ఇంటి ఓనరు పిన్నిగారి కుండీలోంచి ఒక సాదా తెలుపు (తె-1). లాసన్స్ బే వైపు ఇసుక నేలలోంచి ఇంకో సాదా తెలుపు (తె-2). భీమిలి రోడ్డు పక్కన దొరికిన గులాబీ (గు-1).

ముందు ఇవి నిలకడైన రకాలో కాదో తేల్చాలి. అంటే తమ పుప్పొడితోనే కట్టిన గింజల్లోంచి మళ్లీ అదే రంగు రావాలి. బి-1 మీద వాటంతటవే కాసిన కాయల గింజలు 26 మొక్కలయ్యాయి. 15 బొట్టు తెలుపు, 11 గులాబీ. సీతాకోకచిలుకలు, పొడవాటి నాలుకల చిమ్మటలు ఎక్కడినుంచో గులాబీ పుప్పొడి తెచ్చి అంటించాయి. గాలికి వదిలేసిన కాయ గింజలు ఈ పనికి పనికిరావు.

అందుకని కొమ్మలకు వల సంచులు కట్టాను. పూర్ణా మార్కెట్‌లో పెళ్లిళ్ల రిటర్న్ గిఫ్టులకు అమ్మే పల్చటి సంచులు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. సంచుల్లోపల పూలు బాగా పూశాయి, రాలాయి. కాయ మాత్రం ఒక్కటీ కట్టలేదు.

పూవును నిలువునా చీల్చి నగల పనివాళ్లు వాడే 10 రెట్ల భూతద్దంతో చూస్తే సంగతి తెలిసింది. పుప్పొడి తిత్తులు గొంతులో పైన ఉంటాయి. వాటి కిందే కీలాగ్రం తల, చిన్న గుండీలా ఉంటుంది. పుప్పొడి ఆ గుండీ నెత్తిన పడుతుంది గానీ, దాన్ని స్వీకరించే చోటు గుండీ అడుగు అంచున ఉంది. సీతాకోకచిలుక నాలుక గొట్టంలోకి దూరి వస్తేనే పుప్పొడి అక్కడికి చేరుతుంది. సంచి కట్టి ఆ నాలుకను ఆపేశాం కాబట్టి ఆ పని మనమే చేయాలి.

నాలుక బదులు నైలాన్ దారం. ఫిషింగ్ హార్బర్ దగ్గరి దుకాణాల్లో గాలాలకు కట్టే దారం రకరకాల మందాల్లో దొరుకుతుంది. మొదట 0.35 మిల్లీమీటర్లది వాడాను. గొంతు మరీ సన్నం కావడంతో లోపల గీరుకుంది. 40 పూలలో 6 మాత్రమే కాయ కట్టాయి. 0.20 మిల్లీమీటర్లది తెచ్చాక 40కి 27.

స్వపరాగ సంపర్కం, అంటే పూవుకు ఆ మొక్క సొంత పుప్పొడినే అంటించడం, ఇలా:

1. పొద్దున్నే, ఎనిమిది దాటకముందు, సంచి లోపల కొత్తగా విచ్చిన పూవు ఎంచుకోవాలి.
2. నాలుగు అంగుళాల దారం ముక్కను స్పిరిట్‌లో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే పుప్పొడి చచ్చిపోతుంది.
3. గొంతు నడుమ నుంచి నిదానంగా దించాలి. రెండు మూడుసార్లు కిందికీ పైకీ ఆడించి తీయాలి.
4. కాడకు రంగు దారం కట్టి, మళ్లీ సంచి తొడగాలి.
5. మొక్క మారితే దారం ముక్క కూడా మార్చాలి.

కాయలు జంటగా వస్తాయి, సన్నటి కొమ్ముల్లా ఉంటాయి. పచ్చదనం పోయి పసుపు తిరిగిన రోజే కోయాలి. ఒక్క మధ్యాహ్నం ఎండ తగిలితే పగిలి గింజలన్నీ డాబా మీద చిమ్ముతాయి, నల్లగా ఆవగింజ కంటే చిన్నవి, ఏరలేం. సంచి అందుకు కూడా అవసరం.

నవంబరుకు వచ్చిన ఫలితం:

బి-1: 21 మొక్కలు, 21 బొట్టు తెలుపు.
తె-1: 18కి 18 సాదా తెలుపు.
తె-2: 24కి 24 సాదా తెలుపు.
గు-1: 20లో 16 గులాబీ, 4 బొట్టు తెలుపు. నిలకడ లేదు కాబట్టి పక్కన పెట్టేశాను.

ఇప్పటివరకు పూసిన మొక్కలు: 109. ఖర్చు: భూతద్దం, సంచులు, దారం, ప్రోట్రేలు (నారు పోసే గుంతల ట్రేలు), కొబ్బరి పొట్టు కలిపి రూ. 1,150.

దశ 2: సంకరణం (2023 నవంబరు - 2024 ఫిబ్రవరి)

సంకరణం అంటే ఒక మొక్క పూవుకు ఇంకో మొక్క పుప్పొడి పెట్టడం. అందుకు తల్లిపూవు నుంచి దాని సొంత పుప్పొడి తీసేయడం మొదటి పని. పుస్తకాల్లో దీన్ని విపుంసీకరణ అంటారు. బిళ్ళగన్నేరులో ఇది మహా తేలిక. కేసరాలు రేకుల గొట్టానికే అతుక్కుని ఉంటాయి. గొట్టాన్ని నిలువునా కొద్దిగా చీల్చి లాగితే కేసరాలతో సహా ఊడి వస్తుంది, కీలం ఒంటరిగా నిలబడుతుంది. కనుబొమలు తీసుకునే ప్లక్కర్ చాలు.

ఏ మొగ్గకు చేయాలన్నదే కష్టం. మర్నాడు విచ్చే మొగ్గను సాయంత్రం తెరిచి చూస్తే తిత్తులు అప్పటికే పగిలి పుప్పొడి రాలుస్తున్నాయి. అందుకని ఇంకో రోజు ముందుకు, అంటే 2 సెంటీమీటర్లు దాటి, కొన ఇంకా గట్టిగా మెలి తిరిగి ఉన్న మొగ్గలకు వెళ్లాను. స్కేలు పెట్టి కొలిస్తే 2.0 నుంచి 2.3 సెంటీమీటర్ల మధ్యవి సరైనవి. దానికి మించినవి వదిలేయాలి.

పుప్పొడి పెట్టిన కీలానికి టోపీ కావాలి. కూల్‌డ్రింక్ స్ట్రాను అంగుళం ముక్కలుగా కోసి, ఒక కొన మడిచి తొడిగాను. మన ఊరి తేమకు రెండో రోజే లోపల నీటి బొట్లు పట్టాయి, నాలుగో రోజుకు బూజు. మొదటి విడత సంకరాలు దాదాపు అన్నీ అలాగే పోయాయి. టీ బ్యాగు కాగితంతో చిన్న గొట్టాలు చుట్టి తొడిగాక బూజు ఆగింది. గాలి ఆడుతుంది, పురుగు దూరదు.

అదయ్యేలోపు కార్తీక మాసం వచ్చింది. ఒకరోజు తెల్లారి డాబా ఎక్కితే తె-1, తె-2 మీద పూలూ లేవు, మొగ్గలూ లేవు, నేను కట్టిన ఎర్ర దారాలు పిట్టగోడ మీద చక్కగా చుట్టి పెట్టి ఉన్నాయి. అడిగితే పిన్నిగారు, "శివుడికి తెల్లపూలు కదా బాబూ, ఆ దారాలు దిష్టికి కట్టావనుకున్నాను" అన్నారు. కుండీ ఆవిడదే, నేనేం అనగలను! ఆ రోజు నుంచి పూజకు గు-1 మొక్కను ఆవిడకే ఇచ్చేశాను. సంకరానికి వాడే కొమ్మలకు దారం బదులు రేకు ముక్కలు కట్టాను.

ఆ రేకు సంగతి కూడా రాయాలి. ప్లాస్టిక్ ట్యాగుల మీద మార్కరుతో రాసింది ఎండకు, ఉప్పుగాలికి నెల తిరక్కుండా వెలిసిపోయింది. కూల్‌డ్రింక్ డబ్బాను కత్తిరించి పట్టీలు చేసి, వాటి మీద రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా గీస్తే అక్షరం లోతుగా దిగుతుంది. ఏడాదిన్నర దాటినా చదవగలుగుతున్నాను.

డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ మాకు వానా గాలీ తగిలాయి. కాయ మొదలైన కొమ్మల్లో సగం విరిగాయి. మిగిలినవాటిని మెట్లగదిలోకి మార్చి, జనవరిలో మళ్లీ మొదలుపెట్టాను. జనవరి, ఫిబ్రవరి నెలలే ఈ ఊళ్లో సంకరణానికి మంచి కాలం: పొడి గాలి, తక్కువ వేడి, సీతాకోకచిలుకలూ తక్కువే.

చేసిన సంకరాలు:

సంకరం 1: తల్లి బి-1, పుప్పొడి తె-1.
సంకరం 2: తల్లి తె-1, పుప్పొడి బి-1.
సంకరం 3: తల్లి తె-2, పుప్పొడి బి-1.
సంకరం 4: తల్లి తె-1, పుప్పొడి తె-2.

దశ 3: మొలక, మొదటి తరం (2024 ఫిబ్రవరి - మే)

గింజలు చల్లి వెలుతురులో పెడితే మొలక బాగా తక్కువ. ఒకే కాయల గింజలను సగం సగం పంచి చూశాను. పైన ఏమీ కప్పకుండా పెట్టిన 49లో 11 మొలిచాయి. పావు అంగుళం కొబ్బరి పొట్టు కప్పి, పైన పేపరు మూసిన 49లో 38. బిళ్ళగన్నేరు గింజకు చీకటి కావాలి. మొలక తల కనబడగానే పేపరు తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా కాడ సాగి పడిపోతుంది.

మేలో పూసిన మొదటి తరం:

సంకరం 1: 16 మొక్కలు, అన్నీ బొట్టు తెలుపు.
సంకరం 2: 19 మొక్కలు, అన్నీ బొట్టు తెలుపు.
సంకరం 3: 23 మొక్కలు. 22 గులాబీ, 1 సాదా తెలుపు.
సంకరం 4: 14 మొక్కలు, అన్నీ సాదా తెలుపు.

ఇప్పటివరకు పూసిన మొక్కలు: 181.

సంకరం 1 ఒక్కటే చేసి ఉంటే ఏమీ తేలేది కాదు. తల్లీ బొట్టే, పిల్లలూ బొట్టే. నిజంగా తె-1 పుప్పొడి పనిచేసిందా, తల్లి సొంత పుప్పొడి ఎక్కడైనా మిగిలిందా చెప్పలేం. సంకరం 2లో తల్లి సాదా తెలుపు, పిల్లలకు బొట్టు వచ్చింది. ఆ బొట్టు తండ్రి వైపు నుంచే రావాలి. మీరు చేసేటప్పుడు అణిగిపోయే రంగు (ఇక్కడ సాదా తెలుపు) ఉన్న మొక్కనే తల్లిగా పెట్టుకోండి. పొరపాటు సంకరం ఏదో పూవే చెప్పేస్తుంది. సంకరం 3లోని ఒక్క సాదా తెలుపు అలా దొరికినదే. తె-2 సొంత పుప్పొడితో కట్టిన గింజ. దాన్ని తీసేశాను.

ఇక అసలు సంగతి. తె-1, తె-2 పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియదు. ఆకు, కాడ, పూవు, గొంతులో పసుపు అన్నీ ఒకటే. రెండింటికీ ఒకే బి-1 పుప్పొడి పెట్టాను. ఒకదాని పిల్లలు బొట్టు తెలుపు, రెండోదాని పిల్లలు గులాబీ. తాతముత్తాతల్లో లేని రంగు ఊడిపడిందేమిటని మా వాళ్లు నవ్వారు. ఊడిపడలేదు. రెండు తెల్ల మొక్కల్లో సగం సగం దాగి ఉంది.

బిళ్ళగన్నేరు రంగు మీద జరిగిన పాత అధ్యయనాలు చెప్పే రెండు జన్యువుల లెక్క దీనికి సరిపోతుంది. వాటిని ఇక్కడ "ర", "వ" అంటాను. పనిచేసే రూపానికి 1, పనిచేయనిదానికి 0. ప్రతి మొక్కలో ఒక్కోటి రెండేసి ఉంటాయి. రెండిట్లో ఒక్కటి 1 అయినా పని నడుస్తుంది, అంటే 1 బహిర్గతం, 0 అంతర్గతం.

ర పనిచేయకపోతే పూవులో ఎక్కడా ఎరుపు పుట్టదు.
వ పనిచేస్తే ఆ రంగు రేకుల దాకా పాకుతుంది. పనిచేయకపోతే గొంతు చుట్టూ బొట్టుగానే ఆగిపోతుంది.

బి-1: ర1ర1 వ0వ0. రంగు పుడుతుంది, పాకదు.
తె-1: ర0ర0 వ0వ0. పుట్టదు, పుట్టినా పాకదు.
తె-2: ర0ర0 వ1వ1. పాకించే ఏర్పాటు సిద్ధంగా ఉంది, పాకడానికి రంగే లేదు.

బి-1 నుంచి ర1, తె-2 నుంచి వ1 ఒకే మొక్కలోకి వస్తే గులాబీ. సంకరం 4లో రెండు వైపులా ర0 మాత్రమే ఉంది, అందుకే ఎంత కలిపినా తెలుపే. రెండు తెల్ల మొక్కల్లో లోపం ఒకే జన్యువులో ఉందా, వేర్వేరు జన్యువుల్లో ఉందా తెలుసుకోవడానికి వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూడడం కంటే సులువైన పరీక్ష లేదు.

ఇలా ఒక జన్యువు ఇంకోదాని పనిని కనబడకుండా చేయడాన్ని ఎపిస్టాసిస్ అంటారు. మనుషుల్లో దీనికి గట్టి ఉదాహరణ మన దేశంలోనే దొరికింది. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం గుర్తించిన "బాంబే బ్లడ్ గ్రూప్" అది. ఎర్ర రక్తకణాల మీద హెచ్ అనే పదార్థం ముందు తయారైతే, దాని మీద ఎ, బి గుర్తులు అమరుతాయి. హెచ్ తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ పనిచేయనివాళ్లకు ఎ జన్యువున్నా బి జన్యువున్నా మామూలు పరీక్షలో ఓ గ్రూపు అనే వస్తుంది. కానీ ఓ రక్తం ఎక్కిస్తే వాళ్ల శరీరం ఒప్పుకోదు, ఎందుకంటే అందులో హెచ్ ఉంటుంది. వాళ్ల పిల్లలకు మాత్రం ఆ దాగిన ఎ గానీ బి గానీ బయటపడొచ్చు. తె-2 లోపల వ1 దాగి ఉన్నదీ ఇలాగే.

దశ 4: రెండో తరం (2024 మే - 2025 ఫిబ్రవరి)

సంకరం 3 గులాబీల్లోంచి ఐదు మొక్కలు ఎంచి (ఎఫ్1-1 నుంచి ఎఫ్1-5 వరకు; ఎఫ్1 అంటే మొదటి తరం) నైలాన్ దారంతో స్వపరాగ సంపర్కం చేశాను. ప్రతి కాయ మీద అది ఏ ఎఫ్1 మొక్కదో రేకు మీద గీశాను. ఆ పట్టింపు చాదస్తంగా కనిపించింది గానీ, చివరి దశలో అదే ఆదుకుంది.

మొదటి విడత గింజలు ఆగస్టులో పోశాను. వానాకాలంలో ఇది చేయకూడని పని. నారు మూడు ఆకులకు రాకముందే కాడ మొదట్లో నల్లబడి వరసలు వరసలుగా ఒరిగిపోయింది. నారుకుళ్లు. మిగిలినవి కుండీల్లోకి మార్చాక సెప్టెంబరు వానలకు కొన్ని కొనల నుంచి ఎండుతూ వచ్చాయి. పూవు దాకా నిలిచినవి 61.

గులాబీ 41, బొట్టు తెలుపు 11, సాదా తెలుపు 9.

ఆశించాల్సిన నిష్పత్తి 9:3:4. రెండు జన్యువులూ విడివిడిగా పంచుకుంటే పదహారు వంతుల్లో ర1, వ1 రెండూ ఉన్నవి 9, ర1 మాత్రమే ఉన్నవి 3, వ1 మాత్రమే ఉన్నవి 3, ఏదీ లేనిది 1. ఈ చివరి రెండు రకాలూ తెలుపే కాబట్టి 3+1 కలిసి 4. ఆ లెక్కన 61కి 34.3, 11.4, 15.3 రావాలి. తెలుపు బాగా తగ్గింది. వచ్చిన లెక్క రావాల్సినదానికి ఎంత దూరంగా ఉందో చెప్పే అంకె కై-స్క్వేర్. అది ఇక్కడ 3.88, మూడు తరగతులకు హద్దు 5.99. హద్దు దాటలేదు కాబట్టి నిష్పత్తిని కొట్టిపారేయలేం. అయినా సగానికి పైగా నారు చచ్చిపోయిన విడతలో, చచ్చినవి ఏ రంగువో తెలియకుండా, ఆ లెక్కను నమ్మాలనిపించలేదు. తెల్ల మొక్కలే నారుకుళ్లుకు ఎక్కువ పోతున్నాయేమోనని కొంత టెన్షన్ పడ్డాను.

రెండో విడతకు మార్చినవి:

1. నవంబరు చివర, వానలు తగ్గాక విత్తడం.
2. కొబ్బరి పొట్టులో మూడో వంతు ఇసుక. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. ఇల్లు కట్టేచోట అడిగి తెచ్చుకుని కడగాలి.
3. నీళ్లు చేతి అంచనాతో పోయడం మానేసి, ట్రేని వంటింటి త్రాసు మీద తూచడం. 98 గుంతల ట్రే పూర్తిగా తడిస్తే 1.9 కిలోలు. 1.3కి దిగేదాకా నీళ్లు లేవు.
4. కింద నుంచి తడపడం. పళ్లెంలో నీళ్లు పోసి ట్రే దించి, పైన తడి కనబడగానే తీసేయడం.

నాలుగింట్లో మూడోదే పని చేసిందని నా నమ్మకం. విడివిడిగా పరీక్షించలేదు. ఈసారి నారు పోయింది చాలా తక్కువ, పూసినవి 103.

గులాబీ 54, బొట్టు తెలుపు 21, సాదా తెలుపు 28. కై-స్క్వేర్ 0.61. తెల్ల మొక్కలు బలహీనమన్న అనుమానం తీరిపోయింది.

రెండు విడతలు కలిపి 164:

గులాబీ 95 (రావాల్సింది 92.25)
బొట్టు తెలుపు 32 (30.75)
సాదా తెలుపు 37 (41)
కై-స్క్వేర్ 0.52.

పోల్చడానికి సంకరం 2 రెండో తరం కూడా పెంచాను. అందులో వ ఎటువైపూ పనిచేయదు కాబట్టి తేడా ఒక్క ర లోనే. 58 మొక్కల్లో 45 బొట్టు, 13 సాదా. 3:1 ప్రకారం 43.5, 14.5 రావాలి. కై-స్క్వేర్ 0.21, రెండు తరగతులకు హద్దు 3.84.

ఇప్పటివరకు పూసిన మొక్కలు: 403. ఖర్చు: రూ. 2,340.

ఈ 164 మొక్కలను మా మేనల్లుడు మెట్ల దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. అంత దూరానికి బొట్టు కనబడదు. "గులాబీ 95, తెల్లవి 69, మావయ్యా" అన్నాడు. వాడి లెక్క తప్పనలేను. 95:69 అంటే 9:7కి అతికినట్టు సరిపోతుంది (92.25, 71.75). ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ జన్యు శాస్త్రవేత్తలు బేట్‌సన్, పన్నెట్ స్వీట్ పీ అనే పూలతీగలో రెండు తెల్ల రకాలను కలిపితే ఊదారంగు పూలు వచ్చి, తర్వాతి తరంలో దొరికిన నిష్పత్తి ఇదే 9:7. రెండు జన్యువులూ పనిచేస్తేనే రంగు, ఏ ఒక్కటి ఆగినా తెలుపు.

అదే మొక్కలను ఇంకోలా చూద్దాం. పూవులో ఎక్కడైనా ఎరుపు ఉందా లేదా అన్నదొక్కటే అడిగితే 127 ఉన్నవి, 37 లేనివి. అది 3:1 (123, 41). ఒకే జన్యువు ఉన్నట్టు కనిపిస్తుంది. అవే కుండీలు, అవే పూలు. "రంగు" అంటే ఏమిటని రాసుకున్నామో దాన్ని బట్టి 3:1, 9:7, 9:3:4 మూడూ వస్తాయి. అందుకే తరగతులను మొక్కలు పూయకముందే రాసి పెట్టుకోవాలి. పూశాక నిష్పత్తి చూసి తరగతులు మార్చుకుంటే ఏదైనా నిరూపించవచ్చు.

రంగు చూడడానికి నేను పెట్టుకున్న నియమం: పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య, ఆరోజు విచ్చిన పూవు, మొక్కకు మూడు పూలు. ఎండాకాలం మధ్యాహ్నానికి గులాబీ వెలిసిపోతుంది. అప్పుడు రాసిన లెక్క చెల్లదు.

లేత కాడ మీది ఎర్రఛాయను బట్టి పూయకముందే గులాబీలను ఏరవచ్చని కూడా ప్రయత్నించాను. ఎండలో ఉన్న ట్రేలో బాగానే కుదిరింది, నీడన ఉన్న ట్రేలో అన్నీ పచ్చగానే కనిపించాయి. వదిలేశాను.

దశ 5: తెలుపు లోపల ఏముంది (2025 ఫిబ్రవరి - జూలై)

9:3:4 లోని ఆ 4 నిజంగా 3+1 అయితే, 37 సాదా తెలుపుల్లో మూడు రకాలు కలిసి ఉండాలి. నాలుగింట ఒకటి వ1వ1, రెండు వ1వ0, ఒకటి వ0వ0. కంటికి తేడా లేదు కాబట్టి బి-1తో పరీక్షా సంకరణం చేయాలి. వ1వ1 అయితే పిల్లలన్నీ గులాబీ, వ0వ0 అయితే అన్నీ బొట్టు, వ1వ0 అయితే సగం సగం.

12 తెల్ల మొక్కలు తీసుకుని, ఒక్కోదాని నుంచి 8 పిల్లలను పూయించాను. 8 ఎందుకంటే, వ1వ0 మొక్కకు పుట్టిన 8 పిల్లలూ అదృష్టవశాత్తూ ఒకే రంగు రావడానికి అవకాశం 128లో 1. నాలుగే పెంచితే 8లో 1, అది చాలదు.

అన్నీ గులాబీ: 3 మొక్కలు
రెండూ కలిసినవి: 7 (56 పిల్లల్లో 30 గులాబీ, 26 బొట్టు)
అన్నీ బొట్టు: 2

రావాల్సింది 3, 6, 3. ఇంత చిన్న లెక్కకు ఇంతకంటే దగ్గరగా అడగలేం. అన్నీ బొట్టు ఇచ్చిన ఆ రెండూ తె-1కి జన్యుపరంగా అన్నదమ్ములే. తె-1 పుప్పొడి ఒక్క రేణువు కూడా కలవకపోయినా బి-1, తె-2 మనవల్లో మళ్లీ తయారయ్యాయి.

ఇప్పటివరకు పూసిన మొక్కలు: 499.

దశ 6: లెక్కలో ఇమడని లేత గులాబీలు (2025 జూలై నుంచి)

రెండో తరం 95 గులాబీల్లో 5 మొక్కల పూలు మిగతావాటికంటే స్పష్టంగా పాలిపోయి ఉన్నాయి. నియమం ప్రకారం వాటిని గులాబీలోనే లెక్కవేశాను గానీ, రిజిస్టరులో పక్కన "లేత" అని రాసి పెట్టాను. ఎరువు తక్కువై ఉంటుందని కుండీలు మార్చాను, వర్మీకంపోస్టు వేశాను, ఎండకు జరిపాను. రంగు మారలేదు.

రేకు పట్టీలు తిరగేస్తే ఐదూ ఎఫ్1-4 సంతానమే. ఎఫ్1-4 నుంచి మొత్తం 31 మొక్కలు వచ్చాయి: గులాబీ 19, బొట్టు 5, సాదా 7. ఆ 19లో 5 లేత. దాదాపు పావు వంతు. దానివే 5 బొట్టు మొక్కల్లో ఒకదాని బొట్టు కూడా వెలిసిన ఇటుక రంగులో ఉంది. మిగతా నాలుగు ఎఫ్1 మొక్కల పిల్లల్లో లేత ఒక్కటీ లేదు.

మూడో జన్యువు ఒకటి ఉందనుకుంటే ఇది కుదురుతుంది. రంగును పలుచన చేసే అంతర్గత రూపాన్ని బి-1 గానీ తె-2 గానీ ఒక ప్రతిగా మోస్తోంది. అది ఎఫ్1-4కి చేరింది, మిగతా నాలుగింటికి చేరలేదు. తె-2 లాంటి సాదా తెలుపులో రంగే లేదు కాబట్టి పలుచన చేసే జన్యువు ఎన్ని తరాలున్నా కనబడదు. నిలకడైన రకమని దశ 1లో తేల్చింది తెలుపు విషయంలోనే. ఆ రూపాన్ని మోస్తున్నది బి-1 అయితే, దాని 21 పిల్లల్లో పావు వంతుకు బొట్టు పాలిపోయి ఉండాలి. అప్పుడు బొట్టు ఉందా లేదా అనే రాశాను, ఎంత ముదురో రాయలేదు.

లేత గులాబీల స్వపరాగ సంతానం 22 మొక్కలు ఇప్పటికి పూశాయి. 15 గులాబీ, అన్నీ లేత. 4 బొట్టు తెలుపు, నాలుగింటికీ ఇటుక రంగు బొట్టు. 3 సాదా తెలుపు. ముదురు గులాబీ ఒక్కటీ తిరిగి రాలేదు కాబట్టి ఎరువు, ఎండ సంగతి తీసేయవచ్చు.

ఇప్పటివరకు పూసిన మొక్కలు: 521.

ప్రస్తుతం సంచుల్లో ఉన్న కాయలు:

సంకరం 5: తల్లి తె-2, పుప్పొడి లేత గులాబీ.
సంకరం 6: తల్లి బి-1, పుప్పొడి లేత గులాబీ.

సంకరం 5లోని గులాబీ పిల్లల్లో సగం లేతగా వస్తే జన్యువు తె-2ది. సంకరం 6లో వస్తే బి-1ది. బి-1 బాగా ముదిరి కాండం చెక్కబారింది, అందుకని దాని కొమ్మలు మూడు కత్తిరించి ఇసుకలో నాటాను. రెండు వేరు పట్టాయి. వాటి పట్టీల మీద బి-1క, బి-1గ అని గీశాను, నవంబరు విత్తనానికి పుప్పొడి వాటినుంచే తీసుకోవాలి.